రెండు రిపోర్టులూ నిజమే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"డాక్టర్లలో ఒకరు కాసేపు మాట్లాడాలి" అని కార్యవర్గం వారు అన్నప్పుడు షుగరు, బీపీల గురించి చెబుతానని చాలామంది అనుకున్నారట. మన బ్యాచ్‌ల వయసు చూస్తే అదీ అవసరమే. అయితే నేను పనిచేసేది రక్తం, ఎముక మూలుగ పరీక్షించే ల్యాబులో. అక్కడ అరుదుగానే అయినా, ఎదురైన ప్రతిసారీ ఒక కుటుంబాన్ని కుదిపేసే విషయం ఒకటుంది. ఈ రోజు దాని గురించి చెబుతాను.

ఒక బిడ్డకు లుకేమియా అని తేలుతుంది. రిపోర్టులో "లింఫాయిడ్ రకం" అని ఉంటుంది. వైద్యం జరుగుతుంది, జబ్బు లొంగుతుంది. కొన్నాళ్ళకు తిరగబెడుతుంది. మళ్ళీ మూలుగ తీసి చూస్తే ఈసారి రిపోర్టులో "మైలాయిడ్ రకం" అని వస్తుంది. తల్లిదండ్రులు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వీటిలో ఏది తప్పు?" బంధువులు ఇంకో అడుగు ముందుకేసి, "మొదట్నుంచీ తప్పు మందులే వాడారు" అని తీర్పు ఇచ్చేస్తారు.

రెండూ నిజమే కావచ్చు. జబ్బు ఒకటే, రూపం మార్చుకుంది. దీన్ని వైద్యులు లీనియేజ్ స్విచ్ అంటారు. కణం వంశం మారడం అనుకోండి. ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే, ఆ ఇంట్లో వాళ్ళు డాక్టరును తిట్టుకోవడానికి పెట్టే సమయాన్ని అడగాల్సిన ప్రశ్న అడగడానికి వాడుకోగలుగుతారు. నా మాటల ఉద్దేశం అదే.

ముందు కొంచెం పాఠం. మన ఎముకల లోపల మూలుగ ఉంటుంది. రక్తకణాలన్నీ అక్కడే పుడతాయి. అన్నిటికీ మూలం కొన్ని మూలకణాలు. వాటిని పదో తరగతి పిల్లల్లాంటివి అనుకోండి. పది దాకా అందరిదీ ఒకే చదువు. ఆ తర్వాత కొందరు ఎంపీసీ, కొందరు బైపీసీ. మూలకణాల సంతానం కూడా అలాగే రెండు ప్రధాన గ్రూపులుగా విడిపోతుంది. ఒకటి లింఫాయిడ్ గ్రూపు. ఇందులోంచి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, టీ కణాలు వస్తాయి. రెండోది మైలాయిడ్ గ్రూపు. ఇందులోంచి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, సూక్ష్మజీవులను మింగే న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు వస్తాయి.

అక్యూట్ లుకేమియాలో ఈ చదువు మధ్యలో ఆగిపోతుంది. ఒక కణం ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఉండిపోయి, పైకి వెళ్ళకుండా, తనలాంటి వాటినే లక్షలకు లక్షలుగా పెంచుకుంటూ కాలేజీ మొత్తం ఆక్రమిస్తుంది. మంచి కణాలకు చోటుండదు. అందుకే బిడ్డ పాలిపోతాడు, జ్వరం వదలదు, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. ఆగిపోయిన కణం లింఫాయిడ్ గ్రూపుదైతే ఆ జబ్బు ఏఎల్ఎల్, మైలాయిడ్ గ్రూపుదైతే ఏఎంఎల్. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఏఎల్ఎల్. అన్ని వసతులూ ఉన్న దేశాల్లో ఇప్పుడు ఆ పిల్లల్లో సుమారు 90 శాతం మంది బతుకుతున్నారు.

ఈ వైద్యం మొదలైన కథలో మనవాడొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. అంతవరకూ లుకేమియా ఒక మందుకు అలా లొంగడం ఎవరూ చూడలేదు. కానీ ఆ మెరుగుదల తాత్కాలికం. జబ్బు తిరగబెట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఏఎల్ఎల్ వైద్యంలో ఉంది. అంటే లుకేమియా వైద్యం పుట్టిన నాటి నుంచీ మన ముందున్న అసలు సమస్య, తగ్గిన జబ్బు మళ్ళీ రావడమే. వేషం మార్చుకుని రావడం అందులో ఒక అధ్యాయం.

ల్యాబులో ఉన్న మాకు ఏది ఏ గ్రూపో ఎలా తెలుస్తుంది? మైక్రోస్కోపులో ఈ పసి కణాలు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. పాత రోజుల్లో రంగులద్ది చూసేవారు. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ రంగు పట్టిందంటే అది మైలాయిడ్. ఇప్పుడు ఫ్లో సైటోమెట్రీ అనే యంత్రం ఉంది. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పంపి, వాటి మీద ఉన్న గుర్తులను చదువుతుంది. సీడీ19, సీడీ22 లాంటివి ఉంటే బీ కణం. సీడీ3 ఉంటే టీ కణం. సీడీ13, సీడీ33 మైలాయిడ్ వైపు చూపిస్తాయి. సీడీ14, సీడీ64 ఉంటే మోనోసైట్ పోలిక. వీటిని యూనిఫాం మీది బ్యాడ్జీలు అనుకోండి. ఒక్క బ్యాడ్జీ చూసి తేల్చం, అన్నీ కలిపి చూస్తాం.

మన ఎస్సెస్సీ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసే గడి గుర్తుందా? హెడ్మాస్టరు గారి గదిలో వరుసలో నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాం. యూనిఫాం మారుతుంది, గ్రూపు మారుతుంది, చివరకు ముఖం కూడా మారుతుంది. పుట్టుమచ్చలు మారవు. లుకేమియా కణానికీ అలాంటి పుట్టుమచ్చ ఉంటుంది. అది పైన బ్యాడ్జీలో కాదు, లోపల క్రోమోజోముల్లో ఉంటుంది. ఒక క్రోమోజోము తెగి ఇంకొకదానికి అతుక్కుంటుంది, రెండు జన్యువులు కలిసి ఒక కొత్త తప్పుడు జన్యువు పుడుతుంది. ఫిష్ పరీక్ష, పీసీఆర్ పరీక్ష చేసి మేం వెతికేది దాన్నే. ఫిష్ అంటే చేప కాదు, ఒక పరీక్ష పేరు.

వంశం మార్చుకునే లుకేమియాల్లో ముందు వరసలో ఉండేది కేఎంటీ2ఏ అనే జన్యువు తెగిన రకం. దీన్ని పాత పేరుతో ఎంఎల్ఎల్ అనేవారు. ఇది 11వ క్రోమోజోము మీద ఉంటుంది. తరచుగా 4వ క్రోమోజోము మీది జన్యువుతో అతుక్కుంటుంది. ఏడాది లోపు పసిపిల్లలకు వచ్చే ఏఎల్ఎల్‌లో 70 నుంచి 80 శాతం కేసుల్లో కేఎంటీ2ఏ తెగి ఉంటుంది. ఆ తెగడం చాలావరకు తల్లి కడుపులో ఉండగానే జరిగిపోతుంది. పుట్టినప్పుడు మడమ నుంచి తీసి దాచిన రక్తపు చుక్కల్లో కూడా దాన్ని కనుగొన్నారు. కాబట్టి తల్లి ఏం తిన్నది, తండ్రి ఏం చేశాడు అని ఇంట్లో పంచాయితీలు పెట్టుకోవద్దు. అది ఎవరి తప్పూ కాదు.

ఇక వంశం మారడం సంగతి. 1984లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రి వైద్యులు జబ్బు తిరగబెట్టిన 89 మంది పిల్లలను పరిశీలించి, 6గురిలో కణాల వంశం మారిందని రాశారు. అప్పటి పరీక్షలు వేరు, ఇప్పటి పరీక్షలు వేరు. మొత్తం మీద ఇది అరుదే. మామూలు ఏఎల్ఎల్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ మాట విని రాత్రి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ కేఎంటీ2ఏ లాంటి కొన్ని రకాల్లో దీన్ని ఎప్పుడూ గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకు మారుతుంది? దీనికి రెండు దారులు కనబడుతున్నాయి.

మొదటిది: ఆ జన్యువు తెగడం గ్రూపు ఎంచుకోవడానికి ముందే, పదో తరగతిలోనే జరిగి ఉంటుంది. అంటే ఆ చెడ్డ మూలకణానికి రెండు వైపులకూ పిల్లలను పంపే శక్తి ఉంటుంది. మొదట లింఫాయిడ్ వైపు పంపింది, మనం దాన్నే చూశాం, దానికే మందిచ్చాం. ఆ వైపు మూసుకుపోయాక మైలాయిడ్ వైపు పంపింది.

రెండోది ఇంకా ఆశ్చర్యం. ఇప్పటికే గ్రూపు తీసుకున్న కణమే గ్రూపు మార్చేస్తుంది. బీ కణం బీ కణంగా ఉండటానికి పాక్స్5 అనే ప్రోటీన్ కాపలా కాస్తుంది. 1999లో వియన్నాలో బుస్లింగర్ బృందం పాక్స్5 లేని ఎలుకల్లో చూస్తే, బీ కణాల దారిలో ఉన్నవి పక్కదారులు పట్టి వేరే రకం రక్తకణాలుగా మారగలిగాయి. 2004లో థామస్ గ్రాఫ్ బృందం ఎదిగిన బీ కణాల్లోకి మైలాయిడ్ వైపు నడిపే ఒకే ఒక్క ప్రోటీన్‌ను ప్రవేశపెట్టి, వాటిని మాక్రోఫేజ్‌లుగా మార్చింది. అంటే కణం పేరు రాతి మీద చెక్కిన రాత కాదు. కాపలా సడలితే మారుతుంది. లుకేమియాలో కూడా ఇలా జరుగుతుందనడానికి ఆధారం ఉంది. బీ కణం తన యాంటీబాడీ జన్యువును కత్తిరించి అతికించుకుంటుంది. ఆ కత్తిరింపు ఒక్కో కణానికి ఒక్కో రకం, వెనక్కి తిరగదు. తిరగబెట్టిన కొన్ని మైలాయిడ్ లుకేమియాల్లో మొదటి బీ కణపు కత్తిరింపే కనబడింది. ఎంపీసీ కాలేజీలో కూర్చున్న పిల్లవాడి సంచీలో బైపీసీ రికార్డు పుస్తకం దొరికినట్టు.

ఈ మధ్య ఈ విషయం మీద శ్రద్ధ పెరగడానికి ఇంకో కారణం కొత్త మందులు. సీడీ19 అనే బ్యాడ్జీ ఉన్న కణాలను వెతికి చంపే వైద్యాలు వచ్చాయి. బ్లినాటుమొమాబ్‌కు అమెరికాలో 2014లో, రోగి టీ కణాలనే బయటకు తీసి శిక్షణ ఇచ్చి తిరిగి ఎక్కించే కార్-టీ వైద్యానికి 2017లో అనుమతి వచ్చింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ళ కృషితో తయారైన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి వచ్చింది. ఇవి గొప్ప మందులు. కానీ పోలీసులు తెల్ల చొక్కా వాడి కోసం వెతుకుతున్నారంటే దొంగ చొక్కా మారుస్తాడు. కొన్నిసార్లు బీ కణంగానే ఉంటూ సీడీ19 ఒక్కటే తీసేస్తుంది. కొన్నిసార్లు ఏకంగా మైలాయిడ్ కణమైపోతుంది. 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో, కేఎంటీ2ఏ రకం ఏఎల్ఎల్ ఉండి కార్-టీ తీసుకున్న 7గురికీ మూలుగలో జబ్బు కనబడకుండా పోయింది. వాళ్ళలో ఇద్దరికి నెల తిరక్కుండానే ఏఎంఎల్ వచ్చింది. పరీక్షిస్తే అది పాత జబ్బు సంతానమే.

అలాగని ఆ మందులంటే భయపడకూడదు. 2023లో ప్రచురితమైన అధ్యయనంలో కేఎంటీ2ఏ రకం ఏఎల్ఎల్ ఉన్న 30 మంది పసిపిల్లలకు మామూలు కీమోతో పాటు బ్లినాటుమొమాబ్ ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు 81.6 శాతం. అంతకు ముందు అది 49.4 శాతం. ఇది చిన్న మేలు కాదు. మందు వాడాలి, వాడాక చూసే కన్ను మాత్రం మారాలి. సీడీ19 మీద గురిపెట్టే వైద్యం తర్వాత మళ్ళీ సీడీ19 ఉన్న కణాల కోసమే వెతికితే, చొక్కా మార్చిన దొంగ కళ్ళ ముందే నడిచిపోతాడు. మిగతా బ్యాడ్జీలు చూడాలి, మోనోసైట్ల వైపు చూడాలి, పుట్టుమచ్చను పీసీఆర్‌తో వెతకాలి.

ఇంకో జాగ్రత్త. తిరగబెట్టినప్పుడు మైలాయిడ్ కనబడిన ప్రతిసారీ అది వంశం మార్పే అనుకోకూడదు. కీమోలో వాడే ఎటోపోసైడ్ లాంటి కొన్ని మందుల వల్ల కొన్నేళ్ళ తర్వాత పూర్తిగా కొత్త ఏఎంఎల్ రావచ్చు. అప్పుడు అది వేరే పిల్లవాడు. తేల్చేది పుట్టుమచ్చే. పాత జబ్బు నాటి జన్యుమార్పు ఇప్పుడూ ఉంటే అదే జబ్బు, వేషం మారింది. అది లేక వేరే మార్పు ఉంటే కొత్త జబ్బు. చిక్కేమిటంటే, మొదటిసారి జన్యు పరీక్ష చేయించకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. సర్టిఫికెట్లో ఆ గడి ఖాళీగా ఉన్నట్టే.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? మందులు వేరు కాబట్టి. ఏఎల్ఎల్ వైద్యానికి వెన్నెముక స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్. రెండు మూడేళ్ళ పాటు సాగుతుంది. ఏఎంఎల్ వైద్యం సైటరాబిన్, డానోరూబిసిన్ లాంటి వాటితో కొన్ని నెలలు గట్టిగా నడుస్తుంది, తర్వాత చాలామందికి మూలకణ మార్పిడి అవసరమవుతుంది. తిరగబెట్టింది కదా అని పరీక్ష చేయకుండా పాత దారిలో వెళితే విలువైన వారాలు పోతాయి. ఆ బిడ్డ దగ్గర అన్ని వారాలు ఉండకపోవచ్చు. దాచడం నాకిష్టం లేదు, వంశం మార్చుకుని వచ్చిన లుకేమియాను లొంగదీయడం ఇప్పటికీ కష్టమే.

కానీ ఆశ ఉంది. అది కూడా పుట్టుమచ్చ దగ్గరే ఉంది. తెగి అతుక్కున్న కేఎంటీ2ఏ పనిచేయాలంటే మెనిన్ అనే ప్రోటీన్ తోడు కావాలి. ఆ జంటను విడదీసే మందు రెవుమెనిబ్. 2024 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఏడాది నిండిన పిల్లలకూ పెద్దలకూ, కేఎంటీ2ఏ అతుకు ఉండి తిరగబెట్టిన లేదా లొంగని అక్యూట్ లుకేమియాకు దీన్ని అనుమతించింది. ఆ అనుమతిలో లింఫాయిడా, మైలాయిడా అన్న షరతు లేదు. చొక్కా రంగుతో పనిలేకుండా మనిషిని పట్టుకునే ప్రయత్నం ఇది. ఇదొక్కటే అందరినీ గట్టెక్కిస్తుందని చెప్పను. దారి మాత్రం సరైనదే.

ఇప్పుడు మన పని. మీలో చాలామంది డాక్టర్లు కారు. కానీ మీ ఊళ్ళో, మీ అపార్ట్‌మెంట్లో, మీ బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే "నీకు తెలిసినవాళ్ళు ఉన్నారు కదా" అని మీకే ఫోన్ చేస్తారు. అప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి.

ఒకటి, మొదటి రోజు నుంచీ ఫైలు దాచండి. "బ్లడ్ క్యాన్సర్" అని రాసిన చీటీ ఒక్కటే చాలదు. ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోము, జన్యు పరీక్షల రిపోర్టులు అన్ని పేజీలూ ఉండాలి. ఫోన్లో ఫొటోలు తీసి ఇద్దరి దగ్గర పెట్టండి.

రెండు, తిరగబెట్టిందంటే పూర్తి పరీక్షలు మళ్ళీ చేయించండి. "పోయినసారి చేశాం కదా" అనవద్దు. మూలుగ తీయకముందే ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవద్దు. అది కొన్ని కణాలను చంపి అసలు రూపాన్ని కప్పేస్తుంది.

మూడు, రిపోర్టు మారితే ఆస్పత్రి మారే ముందు ఒక ప్రశ్న అడగండి: "డాక్టరు గారూ, మొదటిసారి ఉన్న జన్యుమార్పే ఇప్పుడూ ఉందా?" ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో వైద్యం దారి ఉంటుంది. నమ్మకం పోయి వైద్యం మధ్యలో ఆపేసిన బిడ్డకు ఏ మందూ పనిచేయదు.

నాలుగోది మన సంఘానికి. ఏఎంఎల్ వైద్యం నడుస్తున్న బిడ్డకు ప్లేట్‌లెట్లు మళ్ళీ మళ్ళీ కావాలి. అవి 5 రోజులకు మించి నిల్వ ఉండవు. అందుకని ఏడాదికోసారి శిబిరం పెడితే చాలదు, ఫోన్ చేస్తే వచ్చే మనుషులు కావాలి. సంఘం దగ్గర బ్యాచ్‌ల వారీగా ఫోన్ నంబర్లు ఉన్నాయి. పక్కన రక్తం గ్రూపు కూడా రాయించండి. ఇక్కడున్న యువకులు మూలకణ దాతలుగా కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. బుగ్గ లోపల దూదిపుల్లతో రాస్తే చాలు, నొప్పి ఉండదు.

చివరిగా ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వైద్యం మధ్యలో బడికి వచ్చే బిడ్డ ఉంటే, తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గానీ, తట్టు గానీ వచ్చిందని తెలిసిన రోజే ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేయండి. మనకు చిన్న జబ్బే, ఆ బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. నెలల తరబడి రాకపోయినా రిజిస్టరులో పేరు కొట్టేయకండి. హాజరు పిలిచేటప్పుడు తన పేరు ఇంకా పిలుస్తున్నారని ఆస్పత్రి మంచం మీద ఉన్న బిడ్డకు తెలిస్తే అది ఎంత ధైర్యమో మీకు చెప్పనక్కర్లేదు.